హెలికోనియాలు కొనే ముందు కొబ్బరితోటలోకి వెళ్లండి

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. వైశాఖంలో మా అమ్మాయి పెళ్లి. ఇంటి పక్కనే ఉన్న మా కొబ్బరితోటలో పందిరి వేసి చేద్దామనుకుంటున్నాం. ముహూర్తం రాత్రి తొమ్మిది దాటాక. మరునాడు సాయంత్రం ఏసీ హాల్లో రిసెప్షన్. స్నేహితులతో బాలి వెళ్లి వచ్చినప్పటి నుంచి మా అమ్మాయి ‘ట్రాపికల్’ అలంకరణే కావాలంటోంది. డెకరేటరు హెలికోనియా, ఆంథూరియం, బర్డ్ ఆఫ్ పారడైజ్, ఆర్కిడ్లు, హైడ్రాంజియా, కార్నేషన్లు అని పెద్ద జాబితా రాసి, దానికి తగ్గట్టే పెద్ద మొత్తం చెప్పాడు. మా బావగారేమో “పెళ్లి పందిట్లో వాసన లేని పరాయి పూలేమిటి? బంతి, లిల్లీ, మల్లె చాలవా?” అని కోప్పడుతున్నారు. అసలు మన ఎండకు ఆ పూలు నిలుస్తాయా? పెళ్లయ్యాక ఇంట్లో కూడా ఇలాంటి మొక్కలు పెట్టుకోవాలని ఉంది. ఇంట్లో రెండేళ్ల మనవడు ఉన్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ జాబితాలో హైడ్రాంజియా, కార్నేషన్ అన్న రెండు పేర్లు కొట్టేయండి. అవి చల్లటి ప్రాంతాల పూలు. చల్లని పెట్టెల్లో ప్రయాణం చేసి మీ ఊరు చేరతాయి. హైడ్రాంజియా గుత్తి చూడటానికి ముద్దుగానే ఉంటుంది, కానీ నీరు కాస్త తగ్గితే చాలు, వాడిపోతుంది. వైశాఖపు మధ్యాహ్నం పందిట్లో పెడితే పెళ్లికూతురు పీటల మీదికి రాకముందే తల వాల్చేస్తుంది. వేడి దేశాల పూల జాబితాలో దాన్ని కలిపి రాశాడంటే మీ డెకరేటరుకు ఆ పూల సంగతి తెలియకైనా ఉండాలి, ‘ఇంపోర్టెడ్’ అన్న మాటకు ఉన్న ధర బాగా తెలిసైనా ఉండాలి.

ఇక మీ బావగారి మాట. అందులో సగమే నిజం. పరాయి పూలన్న అభ్యంతరం నిలవదు. ఆయన మెచ్చుకునే బంతి మెక్సికో మొక్క. లిల్లీ అని మనం బజారులో కొనే నేలసంపెంగదీ ఆ దేశమే. గుడి ఆవరణలో కనిపించే దేవగన్నేరు కూడా ఆ ప్రాంతం నుంచి వచ్చినదే. ఐరోపా వాళ్ల ఓడలు తిరగడం మొదలయ్యాక, మిరపకాయతో పాటు ఇవన్నీ మన పెరళ్లలోకి వచ్చి చేరాయి. బంతి లేకుండా మన దసరా లేదు, మిరపకాయ లేకుండా మన ఆవకాయ లేదు. కాబట్టి హెలికోనియా పుట్టుక అమెరికా ఖండమన్న కారణంతో దాన్ని గుమ్మం బయట నిలబెట్టాల్సిన పని లేదు. ఈ మాట మీరు చెబితే వినకపోవచ్చు. పెళ్లికొడుకు తరఫు పెద్దల్లో ఎవరి చేతనైనా చెప్పించండి.

వాసన విషయంలో మాత్రం ఆయనదే గెలుపు. హెలికోనియాకు వాసన లేదు. బర్డ్ ఆఫ్ పారడైజ్‌కు లేదు. బజారులో దొరికే ఎర్ర ఆంథూరియం, ఊదారంగు డెండ్రోబియం ఆర్కిడ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏమీ తెలియదు. అవన్నీ కంటికోసం, కెమెరా కోసం. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు మల్లెల వాసన రాకపోతే ఆ పందిరి ఫొటోల్లో ఎంత బాగున్నా అక్కడ కూర్చున్నవాళ్లకు వెలితిగానే ఉంటుంది. పైగా మీ ముహూర్తం వైశాఖంలో. మల్లెకు అదే అసలు కాలం. మాఘమాసంలో పెళ్లి పెట్టుకున్నవాళ్లు మూర మల్లెలకోసం ఎంత తిరుగుతారో, ఎంత పెడతారో మీకు తెలిసిందే. అవి బుట్టలకొద్దీ దొరికే నెలలో వాటిని పక్కన పెట్టడం చేతిలో ఉన్నదాన్ని జారవిడుచుకోవడమే.

అయితే మీ అమ్మాయి కోరికలో తప్పు ఉందని నేననను. ఆమెకు బాలిలో ఏం నచ్చిందో ఒకసారి పక్కన కూర్చోబెట్టుకుని ఫొటోలు చూపించమనండి. అక్కడివాళ్లు చెవి వెనుక పెట్టుకునే, నడుమ పసుపు ఛాయ ఉన్న తెల్లటి పువ్వు మన దేవగన్నేరే. పండగకు ఇళ్ల ముందు కొస వంగేలా నిలబెట్టే పొడవాటి వెదురు గడలను పెంజోర్ అంటారు. వాటి అందంలో చాలా భాగం లేత కొబ్బరాకును కోసి, మడిచి, కూర్చిన పనితనమే. పక్కనున్న జావాలో పసుపు రంగు లేత కొబ్బరాకు దారి మొదట్లో వేలాడుతుంటే ఆ ఇంట పెళ్లి ఉందని గుర్తు. కేరళలో గుడి ఉత్సవాలకు కట్టే కురుత్తోల అంటే కూడా లేత కొబ్బరాకే. వేడీ తేమా ఉన్న ఊళ్లలో ఎక్కడ చూసినా అలంకరణకు అసలు సరుకు ఆకు. పువ్వు దాని మీద పెట్టే మెరుగు. మీ డెకరేటరు లెక్కను తిరగేశాడు. డబ్బంతా పూలకు రాశాడు, ఆకుల ఊసే ఎత్తలేదు. వెనక గోడకు ఏ ఆకు కడతావని అడిగి చూడండి. చాలామంది దగ్గర వచ్చే జవాబు ప్లాస్టిక్ ఆకుల చాప.

అందుకని అతనికి మళ్లీ ఫోను చేసే ముందు, ఎండ తగ్గాక అమ్మాయిని వెంటబెట్టుకుని మీ తోటంతా ఒకసారి తిరగండి. కొబ్బరి మట్టలు ఎలాగూ ఉన్నాయి. గట్టు మీద అరటి ఉంటే గెలతో ఉన్న చెట్టును గుర్తు పెట్టుకోండి. గెల దించాక ఆ బోదె మళ్లీ కాయదు, కాబట్టి దాన్ని నరికి పందిరి రాటకు కట్టినా మీకు నష్టం లేదు. మీ దగ్గర లేకపోతే రావులపాలెం అరటి మార్కెట్ ఎంతో దూరం కాదు. పోకచెట్టు ఉంటే, అప్పుడే పొత్తి చీల్చుకుని వచ్చిన లేత పూత తెల్లటి కుచ్చులా వేలాడుతుంది. దాని ముందు ఏ ఆర్కిడూ నిలవదని నా అభిప్రాయం. మీ జిల్లాలో చాలా కొబ్బరితోటల్లో కోకో అంతరపంటగా ఉంది. చెట్టు మీద పచ్చవీ పసుప్పచ్చవీ ఎర్రవీ కాయలు ఉంటే కొమ్మతో సహా ఇత్తడి బిందెలో పెట్టండి. బాలి నుంచి వచ్చిన పిల్ల కూడా ఆగి చూస్తుంది. ఆ నెలలోనే చెరువుగట్ల మీద ఈతచెట్లకు నారింజ రంగు గెలలు దిగి ఉంటాయి. ముంజెల కాలం కాబట్టి నల్లటి తాటికాయల గెలలూ దొరుకుతాయి. ఈత గెలలు రెండు, తాటి గెల ఒకటి, అరటాకులు నాలుగు కలిపి గుమ్మం పక్కన నిలబెడితే, దానికి ‘ట్రాపికల్’ అన్న పేరు డెకరేటరే పెడతాడు.

రేల, తురాయి కూడా అప్పుడే పూస్తాయి. మండుటెండలో బంగారంలా వేలాడే రేల పూలను చూస్తే ఎవరికైనా కోసుకు రావాలనిపిస్తుంది. కానీ కొమ్మ కోసిన కాసేపటికే రేకులు రాలడం మొదలవుతుంది. మండపానికి పనికిరావు. మగపెళ్లివారు దిగే వేళకు, ఆ గంటకు సరిపడా, ఎదురుకోలు దగ్గర పెట్టుకోవచ్చు.

కొబ్బరి విషయంలో ఒక జాగ్రత్త. లేతాకు కావాలని కుర్రవాళ్లను చెట్టెక్కిస్తే వాళ్లు మొవ్వులోకి కత్తి పెడతారు. కొబ్బరికి ఎదిగే చోటు అదొక్కటే. అది తెగితే చెట్టు పోయినట్టే. కింది వరస పచ్చి మట్టలు మాత్రం కోయించండి. లేతాకు తప్పనిసరి అనుకుంటే, ఎలాగూ కొట్టేయబోతున్న ముసలి చెట్టు ఎవరి తోటలో ఉందో కనుక్కోండి.

మీ ఊళ్లో కొబ్బరాకు తడికలు అల్లినవాళ్లు, పిల్లలకు ఆకుతో బూరలూ చిలకలూ చేసి ఇచ్చిన పెద్దవాళ్లు ఇంకా ఉండే ఉంటారు. వాళ్లను అడగడానికి మొహమాటపడకండి, కూలి మాత్రం గౌరవంగా ఇవ్వండి. మట్ట నడుమ భాగంలోని వెడల్పాటి ఆకులు తీసి, ఈనె చీల్చి పక్కన పెట్టి, మిగిలిన పాయలను ఒకదానిలో ఒకటి దూర్చి బిగిస్తే చిలక ఒళ్లు వస్తుంది. కొసను మడిస్తే ముక్కు. మిగిలిన చివరలను సన్నగా చీల్చి వదిలేస్తే తోక. చేయి తిరిగినవాళ్లకు ఒక్కోటి కొద్ది నిమిషాల పని. ముందురోజు సాయంత్రం అల్లించి, తడిపిన గోనెపట్టా కింద ఉంచండి. మరునాటికీ పచ్చగా ఉంటాయి. ఆ తరువాత రంగు తగ్గి గడ్డి రంగులోకి తిరుగుతాయి, అప్పటికి మీ పని అయిపోతుంది. పందిరి నడుమ నుంచి ఈ చిలకల వరసలు దించి, మధ్య మధ్య మల్లెదండలు వేలాడదీస్తే, మీ అమ్మాయి అడిగినదీ బావగారు అడిగినదీ ఒకే తాడు మీద కనిపిస్తాయి.

మల్లెదండలు కట్టే వేళ చాలా ముఖ్యం. మల్లెలను తెల్లవారుజామున మొగ్గలుగానే కోస్తారు, చీకటి పడే వేళకు అవి విచ్చుకుంటాయి. మీరు సాయంత్రం నాలుగు, ఐదు గంటలకు గట్టి మొగ్గల దండలు కట్టిస్తే అప్పుడు ముత్యాల సరాల్లా ఉంటాయి. మగపెళ్లివారు వచ్చే వేళకు ఒకటీ అరా విచ్చుతాయి. ముహూర్తానికి పందిరంతా తెల్లబడి వాసన కమ్ముకుంటుంది. రాత్రి ముహూర్తం ఉన్నవాళ్లకే దక్కే భాగ్యం ఇది. పొద్దున పెళ్లిళ్లవాళ్లు నిన్నటి పూలతో సరిపెట్టుకోవాలి. దండ అరటినారతో కట్టించండి. కట్టేదాకా మొగ్గలను అరటాకులో చుట్టి, పైన తడిగుడ్డ కప్పండి. నీళ్లలో ముంచవద్దు, నీరు నిలిచిన మొగ్గ గోధుమరంగుకు తిరుగుతుంది.

ఇప్పుడు కొనాల్సిన పూలు. అసలు కొనవద్దని నేను చెప్పడం లేదు. ఫొటోలో కన్ను ఎక్కడ ఆగుతుందో అక్కడ మాత్రమే కొన్నపూలు పెట్టండి. వధూవరుల తలల వెనుక భాగం, మండపం ముందు రెండు స్తంభాలు, లోపలికి వచ్చే దారి మొదలు, అంతే. పందిరి పైకప్పుకు ఆర్కిడ్లు కట్టడం డబ్బు దండగ. అక్కడికి తల ఎత్తి చూసేది పందిరి వేసినవాడొక్కడే.

వాటిలో నా మొదటి ఓటు హెలికోనియాకు. మనం పువ్వనుకునే ఎర్రటి, పసుప్పచ్చటి పడవలు నిజానికి పూరేకులు కావు, గట్టిపడిన ఆకుల వంటివి. అందుకే ఎండను కొంత ఓర్చుకుంటాయి. కోశాక అవి ఇంకా విచ్చుకోవు. కాబట్టి వచ్చేటప్పుడే మీకు కావాల్సినంత తెరుచుకున్నవి అడగాలి. కాడతో నీరు పెద్దగా పీల్చుకోవు. పెట్టె తెరిచిన వెంటనే మొత్తం కాడను, పూతతో సహా, తొట్టి నీళ్లలో అరగంట ముంచి తీయండి. దానివల్ల రెండు లాభాలు. ఒకటి తేమ పట్టడం. రెండోది, ఆ పడవల్లో దాక్కున్న చీమలూ పురుగులూ బయటికి రావడం. నిటారుగా నిలబడే రకాల్లో వాన నీరు కూడా నిలిచి, లోపలి చిన్న పూలు కుళ్లి వాసన వేస్తుంటాయి. ఒక్కో పడవను వేలితో తెరిచి కడగాలి. ఈ పని చేయకుండా వధువు వెనుక కట్టారంటే తలంబ్రాల వేళకు పట్టుచీర మీద చీమలు పాకుతాయి. డెకరేటరు కుర్రవాళ్లు ఈ పని చేయరు. ఇంట్లో పిల్లలకు అప్పజెప్పండి.

ఆంథూరియం గిన్నెలో నీరుంటే రెండు మూడు వారాలు కూడా నిలిచే పువ్వు. కానీ వేడిగాలి తగిలితే అంచులు మాడతాయి. అందుకే పొద్దుగుంకాక పెట్టించండి. ఆర్కిడ్ల కాడల చివర చిన్న నీటి గొట్టాలు ఉంటాయి. అవి పీకేసి ఉత్త కాడలు గుచ్చేవాళ్లున్నారు, గమనించండి. బర్డ్ ఆఫ్ పారడైజ్ అన్నది దక్షిణాఫ్రికా మొక్క, పక్షి ముక్కులాంటి ఒర ఉంటుంది. అందులోంచి ఒక నారింజ పువ్వు బయటికి వచ్చి ఉంటుంది. ఒరను కాసేపు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, బొటనవేలితో పై అంచును మెల్లగా తెరిచి లోపలికి వేలు పోనిస్తే, మడతపడి ఉన్న రెండో పువ్వు దొరుకుతుంది. దాన్ని పైకి లాగి, నారింజ రేకులనూ నీలపు ముల్లునూ విడదీస్తే ఒకే కాడ రెండింతలుగా కనిపిస్తుంది. కొత్తవాళ్లకు మొదటి ఒకటీ రెండూ చిరుగుతాయి, ఫరవాలేదు.

పూల పెట్టెలు ముందురోజు వస్తే ఎక్కడ పెట్టాలన్నది అందరూ తప్పుగా చేసేది. ఫ్రిజ్‌లో పెట్టవద్దు. గులాబీ, చామంతి చలిని ఇష్టపడతాయి, వాటిని పెట్టుకోండి. హెలికోనియా, ఆంథూరియం, డెండ్రోబియం వేడి దేశాలవి. పది డిగ్రీల కంటే చల్లబడితే వాటి మీద నల్లటి మచ్చలు వస్తాయి. మచ్చలు ఫ్రిజ్‌లో ఉన్నప్పుడు కనిపించవు, బయటికి తీశాక మొదలవుతాయి. మామూలు ఏసీ గది సరిపోతుంది, గాలి సూటిగా తగలకపోతే చాలు. ఇంకొకటి. పెళ్లివారింట్లో ఒక సామాన్ల గది ఉంటుంది కదా, తాంబూలాల అరటిపళ్లూ మామిడిపళ్ల బుట్టలూ అందులోనే సర్దుతారు. ఆర్కిడ్లను ఆ గదిలో పెట్టకండి. పండుతున్న పళ్ల నుంచి ఇథిలీన్ అనే వాయువు వస్తుంది. ఆర్కిడ్లు దానికి తట్టుకోలేవు, మొగ్గలు రాలిపోతాయి, పూలు మగ్గిపోతాయి. పువ్వు పాతదని అమ్మినవాడితో తగువు పెట్టుకుంటారు, దోషం పక్కనున్న మామిడిపళ్లది.

మీకు రెండు రోజుల వేడుక ఉంది కాబట్టి ఖర్చు లెక్కను ఇలా చూడండి. మల్లెలు ఒక్క రాత్రివి. ఆంథూరియం, ఆర్కిడ్లు, హెలికోనియాలు మరునాటి రిసెప్షన్‌కూ పనికి వస్తాయి. అప్పగింతలు కాగానే కాడలు విప్పి, చివర ఒక అంగుళం ఏటవాలుగా కోసి, బకెట్లలో నిలబెట్టి, తెల్లవారకముందే హాలుకు పంపించేయాలి. డెకరేటరు రెండు రోజులకు రెండుసార్లు పూల ధర వేశాడేమో జాబితా మళ్లీ చూడండి. ‘స్టేజీ మొత్తం ఇంత’ అన్న లెక్క ఒప్పుకోవద్దు. ఏ పువ్వు, ఎన్ని కాడలు, ఎక్కడి నుంచి, ఏ రోజు వస్తుంది, అది రాకపోతే బదులు ఏం పెడతాడు, ఇవన్నీ కాగితం మీద రాయించండి. పెద్ద ముహూర్తాల రోజున ఊరంతా పెళ్లిళ్లే కాబట్టి బదులు పువ్వు మాట తప్పకుండా వస్తుంది. ప్లాస్టిక్ పూలు ఎంత పాలు కలుపుతాడో కూడా అడిగి రాయించండి. అడగకపోతే చెప్పరు.

కాడలు గుచ్చడానికి ఆకుపచ్చ ఫోమ్ దిమ్మెలు వాడతారు. అవి ప్లాస్టిక్ జాతివే. నలిపితే పొడి అవుతాయి కానీ మట్టిలో కలవవు. మీ తోటలోనే బోదెలు ఉన్నప్పుడు అవెందుకు? అరటిబోదెను అడుగు పొడవు ముక్కలు కోసి, పక్కకు దొర్లకుండా కింద చదును చేసి, మేకుతో కన్నం పొడిచి కాడలు గుచ్చండి. బోదె నిండా నీరే కాబట్టి ఒక రాత్రికి ధోకా లేదు.

హోమగుండం పైన మాత్రం ఏమీ వేలాడదీయకండి. ఎండిన కొబ్బరాకు ఎంత తొందరగా అంటుకుంటుందో మీకు నేను చెప్పాలా. ఈమధ్య వాడుకలోకి వచ్చిన ఎండు పంపాస్ గడ్డి కుచ్చులు కూడా అంతే, ఎవరు ఎంత బాగుందన్నా పందిట్లోకి రానివ్వకండి.

మీ రెండో ప్రశ్నను, ఇంట్లో మొక్కల సంగతిని, పెళ్లితోనే కలిపేయవచ్చు. మండపానికి వెళ్లే దారికి ఇరువైపులా కోసిన పూల బదులు కుండీలు పెట్టండి. మీకు కడియం హైవే మీద గంట, గంటన్నర దూరం. సిద్ధాంతం వంతెన, జొన్నాడ వంతెన దాటితే కడియపులంక. పూల మార్కెట్ అక్కడే, నర్సరీలూ ఆ చుట్టుపక్కలే. అరెకా పామ్, క్రోటన్లు, డ్రసీనా, కార్డిలైన్, ఫెర్న్, కుండీలో పూసిన ఆంథూరియం, అన్నీ అక్కడ దొరుకుతాయి. పెళ్లికి రెండు వారాల ముందే తెచ్చుకోండి. నర్సరీలో నీడవల కింద పెరిగినవి కాబట్టి వచ్చీరాగానే ఎండలో పెడితే ఆకు కాలుతుంది. కొబ్బరిచెట్ల నీడలో ఉంచి, మీ నీళ్లకు, మీ గాలికి అలవాటు పడనివ్వండి. ఆకులు తుడిచి, ప్లాస్టిక్ సంచులకు తాటాకు బుట్టలు తొడిగితే చాలు. పెళ్లి అయ్యాక కొన్ని మీ ఇంటికి, కొన్ని వియ్యాలవారింటికి, మిగిలినవి ఆడపడుచులకు. స్టీలు గిన్నె ఇచ్చే బదులు క్రోటన్ మొక్క చేతిలో పెడితే ఎవరూ కాదనరు.

మనవడి సంగతి చెప్పారు కాబట్టి ఈ భాగం జాగ్రత్తగా చదవండి. పచ్చి చేమాకు, పచ్చి కంద నోట్లో పెట్టుకుంటే గొంతు ఎలా గీరుతుందో మీకు తెలుసు. సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు దానికి కారణం. ఆంథూరియం, మాన్‌స్టెరా, ఫిలోడెండ్రాన్, మనీప్లాంట్, పీస్ లిల్లీ, అన్నీ ఆ చేమ కుటుంబానివే. అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టేది డిఫెన్‌బేకియా, తెలుపూ ఆకుపచ్చా మచ్చల వెడల్పాటి ఆకుది, చాలా ఇళ్ల వరండాల్లో ఉంటుంది. పిల్లవాడు ఒక ముక్క నమిలితే నోరంతా మండి, నాలుక వాచిపోతుంది. అలా జరిగితే నోరు తుడిచి, చల్లటి నీళ్లు పట్టి, వాపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. డిఫెన్‌బేకియాను ఈ రెండు మూడేళ్లు ఇంట్లోకి తేవద్దు. మిగతావి వాడి చేతికి అందని ఎత్తులో పెట్టండి. నేల మీద పెట్టడానికి అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్, కలాథియా, స్పైడర్ ప్లాంట్ నిర్భయంగా వాడవచ్చు. ఆర్కిడ్ కుండీలతోనూ భయం లేదు.

మొక్కలు పెడితే ఇంట్లో గాలి శుభ్రమవుతుందని నర్సరీలో చెబుతారు. ఆ మాట 1989లో నాసా చేసిన ప్రయోగం నుంచి వచ్చింది. ఆ ప్రయోగం బిగుతుగా మూసిన చిన్న గదుల్లో జరిగింది. కిటికీలు తెరిచి ఉండే మీ ఇంట్లో నాలుగు కుండీల వల్ల గాలిలో తేడా ఏమీ రాదు. అందం కోసం పెట్టుకోండి, అది చాలు. సీసాల్లో మనీప్లాంట్ పెడితే నీళ్లు వారానికోసారి తప్పకుండా మార్చండి, లేకపోతే దోమలను పెంచినట్టే. కుండీల కింది పళ్లేలకూ ఇదే మాట.

వంటవాళ్లకూ ఒక మాట చెప్పి ఉంచండి. బఫే బల్లల మీద పదార్థాల చుట్టూ మాన్‌స్టెరా ఆకులు, ఆంథూరియం పూలు పరవడం ఈమధ్య అలవాటైంది. మీ ఇంట్లో ఆ పని వద్దు, అరటాకు పరవమనండి. గన్నేరు పూలైతే తినే వస్తువుల దరిదాపుల్లోకి రాకూడదు. ఆ మొక్క మొత్తం విషమే. 2024 మే నెలలో కేరళలో గుడుల నిర్వహణ చూసే తిరువాన్కూరు, మలబారు దేవస్వం బోర్డులు నైవేద్యాల్లో, ప్రసాదాల్లో గన్నేరు వాడకం మానేయాలని నిర్ణయించాయి. దేవగన్నేరు వేరే మొక్క. దాని పూలను ఇత్తడి గంగాళంలో నీళ్ల మీద తేల్చి గుమ్మం దగ్గర పెట్టుకోండి, రాత్రంతా బాగుంటాయి, వాసనా వస్తుంది. కోసినప్పుడు కారే పాలు మాత్రం చర్మానికి మంట పుట్టిస్తాయి. పూలు కోసి తెచ్చాక కాసేపు నీళ్లలో వదిలేసి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో వేయండి.

పందిరి విప్పిన రోజున బోదెలూ అరటాకులూ పశువులకు వేయవచ్చు. వేసే ముందు ఆ కుప్పలో గన్నేరు కొమ్మలుంటే ఏరి పారేయించండి, గొడ్లకు ప్రాణం మీదికి వస్తుంది. ఆంథూరియం, మాన్‌స్టెరా ఆకులు కూడా తీసేసి తోట మూల గోతిలో వేయించండి. డెకరేటరు మీకు తెలియకుండా ఫోమ్ దిమ్మెలు వాడి ఉంటే వాటిని అతని వ్యానులోనే తిరిగి పంపండి. కాలవలో పారేస్తానంటే ఒప్పుకోకండి, ఆఖరి వాయిదా డబ్బు అప్పటిదాకా మీ చేతిలోనే ఉంచుకోండి.